పండగ పని తగ్గాలంటే కొంచెం కొంచెం కోయకండి, కొన్నిటిని పూర్తిగా మానేయండి

పండగ సీజన్‌లో పని తగ్గించుకుందాం అనుకునేవాళ్ళలో చాలామంది అన్నిట్లోనూ కాస్త కాస్త కోస్తారు. పదిమందికి వండేది ఆరుగురికి వండుతారు. నాలుగు గంటలు కూర్చునే చోట రెండు గంటలకే లేచి వస్తారు. ఇల్లంతా కడిగే బదులు తుడిచి సరిపెడతారు. తీరా చూస్తే ఒళ్ళు మాత్రం ఎప్పటిలాగే హూనమవుతుంది.

ఎందుకంటే ప్రతి పనిలోనూ ఎంత తక్కువ చేసినా తగ్గని భాగం ఒకటి ఉంటుంది. ఒక్క వంటకాన్నే తీసుకోండి. ఏమేం కావాలో రాసుకోవాలి, కొనుక్కురావాలి, బాగుచేసుకోవాలి, తరగాలి, దానికి సరిపడే గిన్నె వెతకాలి, పొయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగాలి, వడ్డించే పాత్రలోకి మార్చాలి, మిగిలింది సర్దాలి, అంట్లు తోమాలి. సగమే వండితే వీటిలో తగ్గేది తరగడం ఒక్కటే, అదీ కొంతే. ఆ వంటకాన్నే లిస్టులోంచి తీసేస్తే తొమ్మిది పనులూ ఒక్క దెబ్బకి పోతాయి. రాకపోకలూ అంతే. ఎవరింటికైనా వెళ్ళి తొందరగా లేచి వచ్చినా, తయారవడం, పిల్లల్ని బయల్దేరదీయడం, దారి, తిరుగుదారి ఏవీ తగ్గవు.

కాబట్టి కోసేదేదో మొత్తంగా కోయండి. మిగిలినవాటిని ఎప్పటిలాగే, తీరిగ్గా చేసుకోండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

పండక్కి నాలుగు నుంచి ఆరు వారాల ముందు మొదలుపెడితే మేలు. మూడు వారాలకంటే దగ్గరకొస్తే కష్టం. అప్పటికి చుట్టాలు టికెట్లు తీసేసుకుంటారు, సెలవులు పెట్టేస్తారు, మీకు ఇవ్వాల్సినవి కొనేస్తారు. ఆ తర్వాత మీరు ఏది మానేసినా అది ఇంకొకరి ఏర్పాటుని చెడగొట్టినట్టు అవుతుంది, మాట పడాల్సి వస్తుంది.

ముందుగా కూర్చోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక వస్తువునో, ఒక ప్రణాళికనో మెరుగుపరచమంటే మనుషులకి దానికి ఏదో ఒకటి కలపాలనే ముందు తోస్తుంది, ఉన్నదాంట్లోంచి తీసేయవచ్చన్న ఆలోచన సులువుగా రాదు. బుర్రలో వేరే పని తిరుగుతూ ఉంటే ఆ ఆలోచన ఇంకా తక్కువగా వస్తుంది. అంటే పండగ నెత్తిమీదకి వచ్చి, ఊపిరి సలపని రోజున ఏం తగ్గించాలో మీకు తట్టదు. ఆ రోజు కొత్తగా ఇంకో పని తగిలించుకోవడమే తడుతుంది.

లిస్టు రాయడం

ఒక కాగితం, ఒక పెన్ను, నలభై నిమిషాలు పెట్టుకోండి. ఫోన్‌లో కంటే కాగితం మీద మేలు, ఎందుకంటే అంతా ఒక్క చూపులో కనబడాలి. కిందటి పండక్కి ఇంట్లో జరిగిన ప్రతి పనీ రాయండి. చేయాలనుకుని చేయనివి వద్దు, జరిగినవే రాయండి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. "ఇల్లు సర్దడం", "బహుమతులు" అని రెండు ముక్కల్లో రాసేస్తారు. అవి పనులు కావు, పనుల మూటలు. మూట విప్పితేగానీ లోపల ఏముందో తెలీదు. బహుమతులు అన్న మాటనే విప్పండి: ఎవరెవరికి ఇవ్వాలో గుర్తు పెట్టుకోవడం, ఎవరికి ఏం నచ్చుతుందో ఆలోచించడం, కిందటిసారి ఏం ఇచ్చామో గుర్తు తెచ్చుకోవడం, సైజులు కనుక్కోవడం, కొనడం, ప్యాక్ చేయడం, పంపడం, చేరిందో లేదో కనుక్కోవడం, సైజు సరిపోకపోతే మార్చడం. ఇందులో సగం పనులు ఎవరి కంటికీ కనబడవు. చేసేవాళ్ళకి మాత్రం రాత్రి నిద్ర పట్టనివ్వనివి అవే.

రాసిన ప్రతిదాని పక్కనా మూడు సంగతులు వేయండి: ఎవరు చేస్తున్నారు, ఎంతసేపు పడుతుంది, అది లేకపోతే ముందుగా ఎవరికి తెలుస్తుంది.

ఎవరు చేస్తున్నారు అన్న గడి దగ్గర చిన్న గొడవ రావచ్చు. కెనడాకి చెందిన మైకేల్ రాస్, ఫియోరె సికోలీ 1979లో భార్యాభర్తల్ని విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటిపనుల్లో మీ వాటా ఎంత అని అడిగారు. చాలా పనుల్లో ఇద్దరు చెప్పిన వాటాలు కలిపితే వందశాతం దాటిపోయింది. ఎవరూ అబద్ధం ఆడలేదు. మనం చేసింది మనకి గుర్తుంటుంది, ఎదుటివాళ్ళు చేసింది అంతగా గుర్తుండదు. అందుకని ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరి లిస్టు వాళ్ళు రాసి తర్వాత పక్కపక్కన పెట్టండి. వాదించుకోవద్దు. ఒకరు రాసి ఇంకొకరు రాయని పనుల్ని మాత్రం గుర్తు పెట్టండి. పట్టించుకునేవాళ్ళు లేని శ్రమ ఎక్కడుందో ఆ గుర్తులే చూపిస్తాయి.

సమయం అంచనా దగ్గర మిమ్మల్ని మీరు నమ్మకండి. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు విశ్వవిద్యాలయ విద్యార్థుల్ని థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగితే వచ్చిన సగటు 33.9 రోజులు. అన్నీ అడ్డం తిరిగితే ఎంత పట్టచ్చు అంటే 48.6 అన్నారు. నిజంగా పట్టింది 55.5. అంటే మామూలు అంచనాకి సుమారు ఒకటిన్నర రెట్ల పైమాట. పండగ పని థీసిస్ కాదుగానీ, మన అంచనా వేసే అలవాటు ఒకటే. మీకు తోచిన సమయాన్ని 1.6తో హెచ్చించి రాసుకోండి. మూడు గంటలు అనిపిస్తే ఐదు వేయండి.

కూడిక, తీసివేత

ఇప్పుడు మొత్తం కూడండి. పక్కన మీ దగ్గర నిజంగా ఎన్ని గంటలున్నాయో రాయండి. ఉదాహరణకి పండక్కి ముందు పది రోజులు తీసుకుందాం. అందులో ఎనిమిది పనిదినాలు. ఉద్యోగం, వంట, పిల్లల చదువు పోగా రోజుకి గంటన్నర మిగులుతుందనుకుంటే పన్నెండు గంటలు. రెండు సెలవురోజులు, రోజుకి ఐదు గంటల చొప్పున పది. వెరసి ఇరవైరెండు. ఇందులో మూడోవంతు ఖాళీగా వదిలేయాలి. ఎవరికో జ్వరం వస్తుంది, నీళ్ళు రావు, ఆఫీసులో అనుకోని పని పడుతుంది. ఇవి ఎప్పుడూ ఉండేవే, ప్రతి ఏడూ అనుకోనివి అంటాం అంతే. అంటే చేతిలో ఉన్నది పదిహేను గంటలు. లిస్టు కూడిక ముప్ఫై ఎనిమిది వచ్చిందనుకోండి, ఇరవైమూడు గంటల పని పోవాలి. త్వరగా చేస్తాననీ, పొద్దున్నే లేస్తాననీ అనుకుంటే పోవు అవి. పేరుపేరునా కొట్టేస్తేనే పోతాయి.

ఏవి కొట్టేయాలో తేల్చడానికి ఇంట్లో ప్రతి ఒక్కరినీ, పిల్లలతో సహా, ఒకే ప్రశ్న అడగండి: "ఏ ఒక్కటి లేకపోతే నీకు పండగలా అనిపించదు?" ఒక్కటే చెప్పాలి. విడివిడిగా అడగాలి, అదే అసలు కిటుకు. అందరినీ కూర్చోబెట్టి అడిగితే మొదట నోరు తెరిచినవాళ్ళ మాటకే మిగతావాళ్ళు తలూపుతారు. పిల్లలయితే పెద్దవాళ్ళకి ఏది నచ్చుతుందో అది చెప్తారు.

వచ్చిన జవాబులు ఆశ్చర్యంగా ఉండచ్చు. రెండు రోజులు కష్టపడి చేసే అలంకరణ పేరు ఎవరూ ఎత్తరు. "రాత్రి అందరం ఒకే గదిలో చాపలేసుకుని పడుకుంటాం కదా, అది" అంటుంది చిన్నపిల్ల. దానికి పట్టే శ్రమ పది నిమిషాలు.

జవాబుల్లో వచ్చినవాటికి గుండ్రంగా గీత గీయండి. అవి ఉంటాయి. ఎవరూ పేరెత్తనివి, ఎక్కువ గంటలు తినేవి మొదట పోతాయి. అలా పెద్దవాటి నుంచి కొట్టుకుంటూ రండి. ఐదేసి నిమిషాల పనులు పది కొట్టేస్తే గంట కూడా మిగలదు, పైగా పది చోట్ల లోటు చేసినట్టు కనబడుతుంది. ఆరు గంటల పని ఒకటి కొట్టేస్తే ఒక్క చోటే తెలుస్తుంది. ఇంకా నంబరు కుదరకపోతే గీత గీసినవాటిని కొనుక్కోవచ్చా, ఇంకొకరికి ఇవ్వచ్చా, పండగ తర్వాతకి జరపచ్చా అని చూడండి. "అలా చేయకపోతే ఏమనుకుంటారో" అన్న ఒక్క కారణంతో నిలబడ్డ పని ఏదైనా ఉంటే, అనుకునేవాళ్ళు ఎవరో పేరు రాయండి. పేరు తట్టకపోతే ఆ పని పోవాల్సిందే.

ఒక జాగ్రత్త: మీరు కొట్టేసిన పనిని ఇంట్లో ఇంకొకరు, సాధారణంగా అమ్మో అత్తగారో, మాట్లాడకుండా నెత్తిన వేసుకుంటే పని తగ్గినట్టు కాదు, చేతులు మారింది అంతే. కొట్టేసేటప్పుడే "ఇది ఈసారి ఎవ్వరం చేయం" అని పైకి అనుకోండి.

చెప్పడం

అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. మనసులో నిర్ణయించుకుని ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే పండగ రోజు ఎదురుచూపులు, మొహం మాడ్చుకోవడాలు. అప్పుడు హడావుడిగా మళ్ళీ అదే పని, ఈసారి ఏడుపుమొహంతో.

పిలిచినవాళ్ళకి రాలేమని చెప్తే వాళ్ళెంత బాధపడతారో మనం ఎక్కువగా ఊహించుకుంటాం. జూలియన్ గివి, కాలీన్ కర్క్ అనే పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనాల్లో తేలింది ఇదే. ఆహ్వానం కాదన్నవాళ్ళు భయపడినంతగా పిలిచినవాళ్ళు నొచ్చుకోలేదు. అలాగని ఎలా చెప్పినా చెల్లుతుందని కాదు. చెప్పే మాటలో మూడు ఉండాలి: ఏది ఉండదు, దాని బదులు ఏది ఉంటుంది, ఎప్పుడు. నాలుగోది, అంటే కారణం, ఎంత తక్కువైతే అంత మంచిది.

"వదినా, ఈసారి మధ్యాహ్నం భోజనం ఒక్కటే పెట్టుకుంటున్నాం. రాత్రికి ఎవరింట్లో వాళ్ళమే. మీరు పన్నెండున్నరకల్లా వచ్చేయండి."

"మావయ్యగారూ, ఈ ఏడాది పండక్కి అక్కడికి రావడం కుదరట్లేదండి. తర్వాత వచ్చే ఆదివారం వస్తాం, పొద్దుటినుంచి రాత్రిదాకా మీ దగ్గరే ఉంటాం."

"పిన్నీ, పెద్దవాళ్ళం ఒకరికొకరం ఇచ్చుకోవడం ఈసారికి మానేద్దామే. పిల్లలకి మాత్రం ఎప్పటిలాగే."

కారణాలు ఎందుకు వద్దంటే, ప్రతి కారణానికీ అవతలివైపు ఒక పరిష్కారం రెడీగా ఉంటుంది. టైం లేదంటే "నేను ముందురోజే వచ్చి సాయం చేస్తాలే" అంటారు. దూరం అంటే "కారు పంపిస్తాం" అంటారు. అలసట అంటే "పండగ పూట అలసటేంటి" అంటారు. మీరు కారణం చెప్పడం ఆపితేనే ఆ బేరం ఆగుతుంది. "ఈసారికి ఇలా అనుకున్నాం" అని అదే మాట రెండోసారి నెమ్మదిగా చెప్పండి. మూడోసారి కూడా అదే.

"ఈ ఏడాదికి" అన్న మాట బాగా పనికొస్తుంది. శాశ్వతంగా మానేస్తున్నాం అంటే పెద్దవాళ్ళకి గుండెలో రాయి పడుతుంది, ఒక్క ఏడాది అంటే ఒప్పుకుంటారు. పెద్దవాళ్ళకి మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి, వీలైతే వెళ్ళి చెప్పండి. ఎవరి తరఫువాళ్ళకి వాళ్ళే చెప్పాలి. భర్త తల్లిదండ్రులకి కోడలు, భార్య తల్లిదండ్రులకి అల్లుడు చెప్తే విషయం వదిలేసి చెప్పినవాళ్ళ మీద చర్చ మొదలవుతుంది. గ్రూపులో అందరికీ ఒకేసారి ప్రకటించడం కూడా మంచిది కాదు. ఒకరు నొచ్చుకుంటే పదిమంది ఓదార్చడానికి దిగుతారు.

వంట

ఇక్కడ లెక్క రకాలది. ఎంతమంది వస్తారన్నది తర్వాతి సంగతి. ఉన్న రకాల్లో మూడోవంతు తీసేసి, మిగిలినవి కాస్త ఎక్కువగా చేస్తే ఎవరూ ఆకలితో లేవరు.

పండగ రోజు వంటగదిలో ఇరుకయ్యేది చివరి గంట. రెండు పొయ్యిల స్టవ్ ఉన్న ఇంట్లో నాలుగు రకాలు వేడిగా వడ్డించాలనుకోండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పెద్ద గిన్నె అడుగంటకుండా కలుపుతూ వేడిచేయడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. రెండేసి చొప్పున రెండు విడతలు, అంటే దగ్గరదగ్గర నలభై నిమిషాలు. సరిగ్గా అప్పుడే వచ్చినవాళ్ళకి తాగడానికి ఏదో వేడిగా ఇవ్వాల్సి వస్తుంది, ఒక పొయ్యి దానికి పోతుంది. రెండో విడత వేడెక్కేసరికి మొదటి విడత చల్లారుతుంది. అటు కూర్చున్నవాళ్ళు వంటగది వైపు చూస్తుంటారు, ఇటు నిలబడ్డ మనిషికి చెమటలు. ఎంత ముందు లేచినా ఈ గంట ఇలాగే ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ చాలనిది పొయ్యి, సమయం కాదు. అందుకే వేడిగా తినాల్సినవి పొయ్యిల సంఖ్యకి మించకూడదు. మిగతా రకాలన్నీ చల్లగానో, గోరువెచ్చగానో తినేవే ఎంచుకోండి. భోజనం ఒంటిగంటకి అయితే పన్నెండు దాటాక పొయ్యి మీద కొత్తది ఏదీ ఎక్కకూడదు.

ముందురోజే వండిపెట్టుకోవడం మంచి ఉపాయమే, అయితే కొన్ని కొలతలు పాటించాలి. వండినదాన్ని గది వేడిలో రెండు గంటలకి మించి వదలకండి. 32 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో అయితే ఒక్క గంటే. పెద్ద గిన్నెతో అలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్యభాగం గంటల తరబడి వెచ్చగానే ఉండిపోతుంది, సూక్ష్మజీవులు పెరగడానికి అంతకంటే ఏం కావాలి. ఐదు సెంటీమీటర్ల లోతుకి మించకుండా వెడల్పాటి డబ్బాల్లోకి మార్చి పెట్టండి. ఫ్రిజ్ 4 డిగ్రీలో, అంతకంటే తక్కువో ఉండాలి. పండగ ముందురోజు కిక్కిరిసిన ఫ్రిజ్ ఆ చల్లదనానికి రాదు, గాలి ఆడదు కాబట్టి. అందుకే మూడు రోజుల ముందే ఫ్రిజ్ ఖాళీ చేసుకోవడం లిస్టులో ఉండాలి. తిరిగి వేడిచేసేటప్పుడు గోరువెచ్చన చాలదు, మధ్యలో కూడా 74 డిగ్రీలకి రావాలి, అంటే గిన్నె మధ్యలోంచి పొగలు రావాలి. మిగిలినవి మూడు, నాలుగు రోజుల్లో అయిపోవాలి.

ఎక్కువ చేయి పట్టే రకం ఒకటి బయట కొనేయడంలో తప్పేమీ లేదు. రెండు కొంటే ఇంకా సుఖం. కొన్నామని దాచడం మాత్రం వద్దు, ఆ దాపరికమే ఇంకో పని అయి కూర్చుంటుంది.

బహుమతులు

పన్నెండుమంది ఉన్న కుటుంబంలో ప్రతివారూ మిగతా అందరికీ ఇస్తే ఎన్నవుతాయి? పన్నెండు ఇంటూ పదకొండు, నూట ముప్ఫైరెండు. చీటీలు తీసి ఒక్కొక్కరు ఒక్కరికే ఇస్తే పన్నెండు. పండగ పని మొత్తంలో ఒక్క నిర్ణయంతో ఇంత భారం దిగేది ఇంకోటి లేదు.

చీటీలు సరిగ్గా వేయకపోతే రచ్చ అవుతుంది. పద్ధతి ఇది: నెల ముందు వేయండి. ఎవరి పేరు వాళ్ళకే వచ్చినా, భార్యాభర్తలకి ఒకరి పేరు ఒకరికి వచ్చినా మొత్తం మళ్ళీ తీయండి. ఒక్క చీటీ మార్చుకుంటే రహస్యం పోతుంది. ఇంత మొత్తానికి మించకూడదని ఒకే గరిష్ఠ హద్దు పెట్టండి. కనిష్ఠం వద్దు. ప్రతివారూ తమకి పనికొచ్చేవి మూడు రాసి ఇవ్వాలి. అడిగి ఇస్తే విలువ తగ్గుతుందని ఇచ్చేవాళ్ళకి అనిపిస్తుంది. తీసుకునేవాళ్ళ సంగతి వేరు: ఫ్రాంచెస్కా జీనో, ఫ్రాంక్ ఫ్లిన్ 2011లో ప్రచురించిన పరిశోధనలో, తీసుకున్నవాళ్ళు తాము అడిగిన వస్తువునే ఎక్కువ మెచ్చుకున్నారు. ఎవరైనా లెక్క తప్పి అదనంగా ఏదో తెస్తే థాంక్స్ చెప్పి తీసుకోండి, బదులు కొనడానికి పరుగెత్తకండి. ఆ ఒక్క బదులుతోనే వచ్చే ఏడాదికి పాత పద్ధతి తిరిగొచ్చేస్తుంది.

ఇల్లు

వచ్చినవాళ్ళు చూసేది నాలుగు చోట్లు: గుమ్మం, కూర్చునే గది, బాత్రూం, చేతులు కడిగే సింకు. ఇవి శుభ్రంగా ఉంటే ఇల్లు శుభ్రంగా ఉన్నట్టే. ఒక గది తలుపు వేసేసి, ఎక్కడ పెట్టాలో తెలియనివన్నీ అందులోకి చేర్చేయండి. ఇదేమీ మోసం కాదు.

పండక్కి రెండు వారాల లోపల బీరువాలు, అటకలు ముట్టకండి. సామాను కిందికి దించడానికి అరగంట, ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవడానికి రెండు రోజులు. ఆ రెండు రోజులు మీ దగ్గర లేవు. సగం తేలిన గుట్టలు నట్టింట్లో పడి ఉంటే, ముట్టకముందుకంటే ఇల్లు అధ్వాన్నంగా కనిపిస్తుంది.

రాకపోకలు, శుభాకాంక్షలు

రోజుకి ఒక్క ఇల్లే. రెండో ఇంటికి వెళ్ళిన రోజున మొదటి ఇంట్లో గడియారం చూస్తూ కూర్చుంటాం, రెండో ఇంట్లో ఆలస్యానికి సంజాయిషీ చెప్తూ కూర్చుంటాం. ప్రయాణం చేసి వచ్చిన మర్నాడు ఖాళీగా ఉంచుకోండి. బట్టలు, నిద్ర, వాకిట్లో పేరుకున్న పనులు ఆ రోజుని ఎలాగూ తినేస్తాయి. ముందే వదిలిపెడితే విసుగుండదు.

ఫోన్లో గంటల తరబడి శుభాకాంక్షలకి జవాబులు కొట్టడం కూడా పనే. మనసారా మాట్లాడాలనుకునే పదిమంది పేర్లు రాసుకుని వాళ్ళకి ఫోన్ చేయండి. మిగతావాళ్ళకి సాయంత్రం ఒక్కసారి కూర్చుని అరగంటలో ముగించండి.

పండగ రోజు

"ఏమైనా సాయం కావాలా?" అని అడిగితే "ఏం లేదులే, కూర్చో" అనేయడం మనకి అలవాటు. ఆ మాట నోట్లోంచి వచ్చేలోపే ఇవ్వడానికి రెండు పనులు సిద్ధంగా పెట్టుకోండి. పని ఇస్తే మొత్తంగా ఇవ్వాలి. "కాస్త ఆ గ్లాసులందుకో" అంటే తర్వాత ఏం చేయాలో చెప్పే భారం మీదే. "తాగేనీళ్ళ సంగతి పూర్తిగా నువ్వు చూసుకోరా, గ్లాసులు పెట్టడం నుంచి జగ్గులు నింపడం దాకా" అంటే అది మీ తలలోంచి దిగిపోయినట్టు. ఇచ్చాక వెనకాల వెళ్ళి తనిఖీ చేయకండి. గ్లాసులు వంకరగా పెట్టినా నీళ్ళు నీళ్ళే. సరిచేయడానికి ఒక్కసారి చేయిపెడితే ఆ పని తిరిగి మీ ఒళ్ళో వాలుతుంది, వచ్చేసారి ఎవరూ అడగరు కూడా.

ముగింపు సమయం కూడా పిలిచేటప్పుడే చెప్పేయండి. "పన్నెండున్నర నుంచి నాలుగు దాకా" అంటే ఎవరూ తప్పుగా తీసుకోరు, చాలామందికి ఊరట కూడా. వాళ్ళకీ ఇంట్లో పనులున్నాయి.

ఎక్కడ తిరగబడుతుంది

ఖాళీ అయిన సమయం ఖాళీగా ఉండదు. ఇరవై గంటలు మిగిలాయి కదా అని ఇంకో కొత్త రకం, ఇంకో అలంకరణ చల్లగా వచ్చి కూర్చుంటాయి. దీనికి ఒక్కటే కట్టుబాటు: లిస్టులోకి ఒకటి రావాలంటే అంతే పెద్దది ఒకటి బయటికి పోవాలి. లిస్టు వంటగదిలో అందరికీ కనబడేలా అంటిస్తే ఈ కట్టుబాటుకి మీరొక్కరే కాపలా కాయక్కర్లేదు.

రెండోది ముందురోజు రాత్రి వచ్చే భయం. ఎనిమిదింటికి "మరీ తక్కువైపోయిందేమో" అనిపిస్తుంది, తొమ్మిదింటికి బజార్లో ఉంటారు. ముందురోజు సాయంత్రం ఆరు తర్వాత ఏమీ కొనేది లేదు, ఏమీ కలిపేది లేదు అని ముందే గీత గీసుకోండి. ఆ భయం పండగ రోజు మొదటి ముద్దతో పోతుంది. ఏం చేయలేదో మీకు తెలుసు, తినేవాళ్ళకి తెలీదు.

మొదటి ఏడాది ఒకరిద్దరు సణుగుతారు. దానికి సిద్ధంగా ఉండాలి. "అప్పట్లో ఎంత బాగా చేసేవాళ్ళం" అన్న మాటని పని ఆర్డర్‌గా తీసుకోకండి, జ్ఞాపకంగా వినండి. "అవునత్తయ్యా, ఎంత బాగుండేదో" అంటే చాలు.

ఇంట్లో ఎవరైనా పోయిన ఏడాది, జబ్బుతో ఉన్న ఏడాది, చంటిబిడ్డ ఉన్న ఏడాది ఈ లెక్కలేవీ పెట్టుకోకండి. గీత గీసినవాటిలో కూడా ఒకటో రెండో ఉంచి మిగతావి వదిలేయండి. పని తగ్గినా దిగులు తగ్గక, రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి సరిగ్గా లేకపోతే అది పండగ ఒత్తిడి అనుకుని నెట్టుకురావద్దు, డాక్టరుకి చూపించుకోవాలి.

పండగైన మూడు రోజుల్లోపు

మరిచిపోకముందే పదిహేను నిమిషాలు కూర్చుని అదే కాగితం వెనక రాయండి. ఏది మానేసినా ఎవరూ గమనించలేదు, ఏది లేక వెలితిగా అనిపించింది, ఏ పనికి నిజంగా ఎంతసేపు పట్టింది, ఎంత మిగిలిపోయింది. వెలితి అనిపించినదాన్ని వచ్చే ఏడాది తిరిగి పెట్టుకోవచ్చు, దాని బదులు ఇంకోటి తీసేసి. కాగితాన్ని ఫోటో తీసి, వచ్చే పండక్కి ఆరు వారాల ముందు తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టి, ఆ ఫోటో దానికి జతచేయండి. అసలు కాగితం ఫ్రిజ్ పక్కనో బీరువా తలుపు లోపలో అంటించి ఉంచితే, మధ్యలో ఎవరికి ఏది తోచినా దానిమీదే రాసుకోవచ్చు.